దారం ఎవరు కొన్నారు? – నరసాపురం లేసు చరిత్రలో మన లెక్క

మన సమాఖ్యలో అల్లికల ఉత్పత్తి గ్రూపులు మొదలయ్యాక నెలవారీ సమావేశాల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన తగువు దారం గురించే. ఒకసారి దారం చాల్లేదని, ఇంకోసారి దారం మిగిలిపోయిందని. అప్పు తీసుకుని కొన్న దారం బీరువాలో పడి ఉంటే వడ్డీ మాత్రం ఆగదు కదా. ఒక సమావేశంలో ఈ గొడవ జరుగుతుంటే వెనక కూర్చున్న మా అత్తగారు ఒక మాట అన్నారు. "మా రోజుల్లో ఈ బాధ లేదమ్మా. ఏజెంటు దారం తెచ్చి పడేసేవాడు, మేం అల్లి ఇచ్చేవాళ్లం. దారం ఎంత, ఎక్కడిది, ఖరీదెంత, ఏదీ మాకు తెలీదు."

ఆవిడ అది సుఖంగానే చెప్పారు. కానీ ఆ మాట నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది. అరవై ఏళ్లు దారంతో పని చేసిన మనిషికి దారం ఖరీదు ఎందుకు తెలీలేదు? ఈ ఏడాది నివేదికకి ఏదైనా రాయమని ఓబీలు అడిగినప్పుడు ఇదే రాద్దామనుకున్నాను. మన లేసు చరిత్రని డిజైన్ల వైపు నుంచి, ఎగుమతుల వైపు నుంచి చాలామంది చెప్పారు. దారం వైపు నుంచి ఒకసారి చూద్దాం.

ముందు లేసు రాకముందు సంగతి. మన డెల్టా దారానికి కొత్తది కాదు. 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీవాళ్లు బట్టల వ్యాపారం కోసం కొట్లు పెట్టారు. మాధవాయపాలెం పేరు వాళ్ల నోట్లో 'మడపోలం' అయింది, ఆ పేరుతో ఒక రకం తెల్ల నూలు బట్ట ప్రపంచమంతా చెలామణీ అయింది. ఇప్పటికీ బట్టల వ్యాపారంలో ఆ పేరుంది. ఆ బట్ట నేసింది మగ్గాలమీద, కానీ ఆ మగ్గాలకి నూలు వచ్చింది ఇళ్లలో ఆడవాళ్ల రాట్నాల మీదినుంచి. పత్తి గింజ తీయడం, ఏకడం, వడకడం, చిలపలు చుట్టడం ఆడవాళ్ల పని. తక్కువ డబ్బే వచ్చేది, అయినా నూలు వాళ్ల చేతిలో తయారయ్యే వస్తువు. ఎంత పత్తికి ఎంత నూలు వస్తుందో వాళ్లకి తెలుసు.

19వ శతాబ్దంలో ఇంగ్లండు లంకషైర్ మిల్లుల నూలు ఓడల్లో వచ్చి దిగాక రాట్నం మూలన పడింది. నేతగాళ్లు మిల్లు నూలు కొనుక్కున్నారు. వడికే ఆడవాళ్లకి మాత్రం ఇంకో పని రాలేదు. సరిగ్గా ఆ కాలంలోనే లేసు వచ్చింది.

1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు మన వైపు క్రోషియా లేసు నేర్పారని చెబుతారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. కాటన్ దొర దాన్ని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. ఆనకట్టకి ముందు ఈ నేల ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. ఆ రోజుల్లో క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాల ఆడపిల్లలకి ముందుగా ఈ పని నేర్పారు. సూది, దారం, నమూనా అన్నీ దొరసానులే ఇచ్చేవారు. అల్లినవి మొదట్లో స్కాట్లండులో తెలిసినవాళ్లకి బహుమతులుగా వెళ్లేవి, తర్వాత అమ్మకానికి వెళ్లాయి. అంటే మొదటి రోజునుంచీ మన చేతికి దారం ఇచ్చే మనిషి వేరే ఉన్నారు. సాయం చేద్దామనే ఇచ్చారు, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. కానీ పద్ధతి అక్కడే స్థిరపడింది.

ఇలాంటిదే అదే కాలంలో ఐర్లండులోనూ జరిగింది. 1845లో అక్కడ బంగాళదుంప పంటకి తెగులు తగిలి, నాలుగైదేళ్లు ఘోరమైన కరువు పట్టింది. తిండి లేక పది లక్షల మంది దాకా పోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచి వెళ్లారు. 1847లో క్లోన్స్ అనే ఊళ్లో అక్కడి చర్చి పాదిరిగారి భార్య కసాండ్రా హ్యాండ్ అనే ఆమె పేద ఆడవాళ్లకి క్రోషియా అల్లిక నేర్పించే ఏర్పాటు చేశారు. కార్క్ వైపు మఠాల్లో సన్యాసినులు నేర్పారు. మిగతా లేసులకి దిండు, పుల్లలు, ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. క్రోషియాకి ఒక కొక్కెం సూది, కాస్త నూలు దారం ఉంటే చాలు. అందుకే కరువు ఇళ్లలో అది ఇమిడింది. పని పంచుకునే పద్ధతి కూడా మనదే: ఒక ఇంట్లో ఒక రకం పువ్వే అల్లేవారు, వేరేచోట ఆ పువ్వులన్నీ కలిపి వస్తువు చేసేవారు. మన చేతిపని, అతుకుపని లాగే. సముద్రాలకి అటూ ఇటూ ఉన్న పేద ఆడవాళ్లు ఒకరినొకరు ఎరగకుండా ఒకే పని, ఒకే తీరులో చేశారు.

ఇక ఆ దారం ఎక్కడిదో చూద్దాం. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన భాగం ఇదే.

స్కాట్లండులో పెయిస్లీ అని ఒక ఊరు. శాలువాలు నేసే ఊరు. 1806లో నెపోలియన్ ఇంగ్లండుకి సరుకులు రాకుండా అడ్డుకున్నప్పుడు అక్కడ పట్టు దారం కరువైంది. అప్పుడు క్లార్క్ కుటుంబంవాళ్లు పట్టుకి బదులు నున్నటి నూలు దారం తీశారు. మగ్గానికి పనికొచ్చినది కుట్టుకీ పనికొస్తుందని తెలిసింది. మొదట్లో దారాన్ని చిలపలుగా అమ్మేవారు. కొన్నామె ఇంట్లో కూర్చుని ఉండ చుట్టుకోవాలి. తర్వాత చెక్క కండె మీద చుట్టి అమ్మడం మొదలుపెట్టారు. కండెకి అర పెన్నీ ఎక్కువ తీసుకుని, ఖాళీ కండె వెనక్కి తెస్తే ఆ అర పెన్నీ తిరిగి ఇచ్చేవారట! మన పాత సోడా కాయల లెక్క. అదే ఊళ్లో కోట్స్ కుటుంబం ఇంకో దారం మిల్లు పెట్టింది. 1896లో రెండూ కలిశాయి. అప్పటికి ప్రపంచంలో కుట్టు దారం, అల్లిక దారం అంటే చాలా దేశాల్లో వాళ్లదే.

మనం వాడే మెరుపు దారం కూడా ఆ కాలానిదే. జాన్ మెర్సర్ అనే ఇంగ్లండు మనిషి 1844లో నూలుని కాస్టిక్ సోడా నీళ్లలో ముంచితే అది గట్టిపడి రంగు బాగా పట్టుకుంటుందని కనిపెట్టాడు. 1890లో ఇంకొకాయన, హొరేస్ లో, ముంచేటప్పుడు నూలుని బిగించి లాగి ఉంచితే పట్టులాంటి మెరుపు వస్తుందని చూపించాడు. డబ్బామీద 'మెర్సరైజ్డ్' అని ఉంటుందే, ఆ మాట ఆ మెర్సర్ పేరే. 1844 మన లేసుకీ చెప్పే సంవత్సరమే, మెర్సర్‌కీ అదే సంవత్సరం. యాదృచ్ఛికమే అనుకోండి, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు దారం దారి చూడండి. పత్తి ఎక్కువగా అమెరికాలో పండింది. స్కాట్లండులో దారమైంది. ఓడెక్కి గోదావరి డెల్టాకి వచ్చింది. మన ఇంటి అరుగు మీద లేసైంది. మళ్లీ ఓడెక్కి ఇంగ్లండు బల్లలమీదికి వెళ్లింది. ఈ మొత్తం ప్రయాణంలో కొనడం అమ్మడం తెలియని మనిషి అరుగు మీద కూర్చున్న ఆడమనిషి ఒక్కతే.

1900 తర్వాత లేసు వ్యాపారం మిషనరీల చేతినుంచి స్థానిక ఎగుమతిదారుల చేతికి వచ్చింది. వాళ్లకింద ఏజెంట్లు, ఏజెంట్ల కింద ఊరూరా ఇళ్లు. ఎగుమతిదారు దారం కొంటాడు, ఏజెంటు సైకిల్ మీద తెచ్చి తూకం వేసి ఇస్తాడు, అల్లిన సరుకు మళ్లీ తూకం వేసి తీసుకుంటాడు. కూలి రోజు లెక్కన ఉండదు, చేసిన పని లెక్కన ఉంటుంది. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె అతుకుతుంది. మొదటామెకి ఆ పువ్వులు ఏ వస్తువులోకి వెళ్తాయో కూడా తెలీదు. మొదట్లో ఇంటింటికీ తిరిగి సరుకు సేకరించే పనిలో ఆడవాళ్లూ ఉండేవారు. డబ్బు బాగా కనబడ్డాక ఆ పని మగవాళ్ల చేతికి వెళ్లిపోయింది. 1970లలో కొత్త వరి వంగడాలతో నాలుగు రాళ్లు చేసుకున్న రైతులు కూడా లేసు వ్యాపారంలోకి దిగారు.

ఆ రోజుల్లోనే మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు నరసాపురం చుట్టుపక్కల తిరిగి ఈ పనిమీద ఒక పుస్తకం రాసింది, 1982లో వచ్చింది. లక్షకు పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని ఆమె లెక్క కట్టింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికొచ్చేది రూపాయి కూడా లేదని తేల్చింది. అదే కాలంలో చేలో కూలికెళ్తే అంతకు మూడింతలకి పైనే రావాలి. మరి ఎందుకు అల్లారంటే, గడప దాటి పనికెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లలో ఇదొక్కటే దారి. వ్యాపారులేమో 'వాళ్లు గృహిణులండీ, తీరిక వేళల్లో సరదాగా చేసుకుంటారు' అనేవారు. ఆ పుస్తకం గట్టిగా కాదన్నది ఆ మాటనే. తీరిక ఎక్కడుంది? పొయ్యి దగ్గర, పిల్లాడు ఒళ్లో, దీపం వెలుతురులో చేసిన పని అది.

మరి దీనికీ దారానికీ ఏం సంబంధం? చాలా ఉంది. దారం అతనిది కాబట్టి అల్లుతున్నంతసేపూ ఆ లేసు అతనిదే. సగం అయిన లేసుని ఇంకొకడికి అమ్ముకునే వీలు లేదు. రేటు నచ్చలేదని ఆపితే దారం వెనక్కి ఇమ్మంటాడు. తూకంలో తేడా వస్తే కూలిలో కోత. మా అత్తగారు చెప్పిన సంగతి ఒకటుంది. వానాకాలంలో తీసుకున్న దారం ఎండల్లో లేసుగా ఇస్తే తూకం తగ్గేదట. ఏజెంటు 'దారం దాచుకున్నావా' అనేవాడట. ఆవిడ దాచుకోలేదు. నూలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. మిల్లుల లెక్కలో మామూలు గాలిలో ఉన్న నూలుకి, బొత్తిగా ఆరిన నూలు బరువుమీద 8.5 శాతం తేమ అని కడతారు. ముసురులో ఇంకా ఎక్కువ పీలుస్తుంది, రోహిణి కార్తె ఎండల్లో తగ్గిపోతుంది. మిల్లువాడికి ఇది తెలుసు, అరుగు మీద ఆమెకి తెలీదు. తెలియనామె మీద దొంగతనం పడింది. ఈ ముక్క చెప్పినప్పుడు ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అవునా?" అన్నారు, అంతే.

కొనేవాళ్లకే లెక్క వస్తుంది. ఇంగ్లండులో ఇంటి ఆడవాళ్లకి అల్లిక దారం లెక్క బాగా తెలుసంటే, అక్కడ ఎవరికి వాళ్లు కొట్లో కొనుక్కుని అల్లుకునేవాళ్లు కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో అది ఇంకా పదునెక్కింది. 1941 జూన్ 1 నుంచి అక్కడ బట్టలకి రేషన్ పెట్టారు. మనిషికి మొదటి ఏడాదికి 66 కూపన్లు. స్వెట్టర్లల్లే ఉన్ని దారం రెండు ఔన్సులు, అంటే దాదాపు 57 గ్రాములు, కొనాలంటే ఒక కూపను ఇవ్వాలి. డబ్బుంటే చాలదు, కూపను ఉండాలి. అందుకని సూది పట్టకముందే కాగితం మీద లెక్క. ఎన్ని ఔన్సులు పడుతుంది, పొట్టి చేతులు పెడితే ఎంత మిగులుతుంది, పాత స్వెట్టరు విప్పితే ఎంత దొరుకుతుంది. విప్పిన ఉన్నిని చిలప చుట్టి, తడిపి, బరువు కట్టి ఆరేస్తే మెలికలు పోతాయి, ఆ దారంతో మళ్లీ అల్లేవారు. అదే యుద్ధకాలంలో మన దేశంలోనూ నూలు కరువొచ్చింది, 1943లో బట్ట, నూలు మీద ప్రభుత్వం కంట్రోలు పెట్టింది. ఆ కంట్రోలు చీటీలకోసం నేతగాళ్లు పడిన తిప్పలు మన పెద్దవాళ్లు చాలామంది చెప్పేవారు.

మన కథలో మార్పు డ్వాక్రాతో మొదలైంది. 1982లో ఆ పథకం వచ్చింది. 90లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా పెరిగాయి. మొదటిసారి ఆడవాళ్ల చేతిలో ఉమ్మడిగా కొంత డబ్బు కనిపించింది. నరసాపురం దగ్గర లేసు పార్కు వచ్చింది. లేసు పనివాళ్ల సంఘాలు సహకార సంఘంగా కూడాయి. మధ్యలో చైనా మిషను లేసు వచ్చి ధరలు విరగ్గొట్టింది, ఎన్నో ఇళ్లలో సూదులు పక్కన పెట్టేశారు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేత్తో అల్లినదానికి, ఇక్కడ అల్లినదానికే ఆ పేరు వాడుకునే హక్కు అది. సంతోషమే. కానీ నా అనుభవంలో గుర్తింపు కాగితం వచ్చిన రోజుకన్నా, గ్రూపు సొంత డబ్బుతో మొదటిసారి దారం కొన్న రోజు పెద్దది. ఎందుకంటే ఆ రోజునుంచి లేసు మనది, తప్పు జరిగితే నష్టమూ మనదే.

తప్పు జరిగింది కూడా. దాచిపెట్టకుండా చెబుతాను, ఇంకో గ్రూపుకి పనికొస్తుంది.

మూడేళ్ల కిందట మా గ్రూపుకి 12 అంగుళాల గుండ్రటి టేబుల్ మ్యాట్లు 60 కావాలని ఆర్డరు వచ్చింది. క్రీము రంగు. మేం 12 మందిమి, తలా అయిదు. మాలో చెయ్యి తిరిగిన అక్క ఒక నమూనా అల్లింది. కిరాణా కొట్టు కాటాలో అంత చిన్న బరువు తేలదని కంసాలి దగ్గర తూయించాం. 22 గ్రాములు. 60 మ్యాట్లకి 1,320 గ్రాములు. 100 గ్రాముల ఉండలు 14 కొన్నాం. 80 గ్రాములు ఎక్కువే ఉందని ధీమా.

మర్చిపోయిందేమిటంటే పన్నెండు చేతులు ఒక్కలా ఉండవు. బిగించి అల్లే ఆమెకి మ్యాటు 21 గ్రాములు వస్తే, వదులుగా అల్లే ఆమెకి 28 దాకా వచ్చింది. సగటున 24.5 గ్రాములు పడింది. అంటే మొత్తం 1,470. నమూనాకి పోయింది, ఒకటి పాడైతే విప్పినప్పుడు పోగులు తెగి పోయింది, కొసలు కత్తిరించింది వేరే. చివరికి అయిదు మ్యాట్లు అంచుల దగ్గర ఆగిపోయాయి. అదే కొట్టుకి పరుగెత్తి అదే కంపెనీ, అదే నంబరు, అదే రంగు ఉండ ఇంకోటి తెచ్చాం. రాత్రి దీపం కింద తేడా తెలీలేదు. పొద్దున ఎండలో చూస్తే అంచు పసుపు కొట్టింది. లాటు నంబరు వేరు. రంగు వేసే తొట్టె మారితే ఎంత ఒకే రంగన్నా కాస్త తేడా వస్తుంది. అందుకే లేబులు మీద లాటు నంబరు వేస్తారు. మేం చూడలేదు. కొన్నవాళ్లు 55 తీసుకుని అయిదు వెనక్కి ఇచ్చారు. మ్యాటు 140 రూపాయల లెక్కన 700 పోయాయి. డబ్బుకన్నా, 'ఎవరు వదులుగా అల్లారు' అని గ్రూపులో మొదలైన మాటలు ఎక్కువ బాధపెట్టాయి. ఒక చెల్లెలు రెండు నెలలు సమావేశానికి రాలేదు. తప్పు ఆమెది కాదు, లెక్క కట్టిన మాది.

మరుసటి ఏడాది ఆ భయంతో ఒకటిన్నర కిలో కావాల్సిన చోట మూడు కిలోలు కొన్నాం. ఎక్కువ కొంటే తగ్గిస్తానని కొట్టువాడు అన్నాడు కూడా. మిగిలిన దారానికి తగిన ఆర్డరు మళ్లీ రాలేదు. తగ్గింపులో మిగిలినదాన్ని వడ్డీ మింగేసింది.

ఇప్పుడు ఎలా చేస్తున్నామంటే, ఆర్డరు రాగానే నమూనా ఒక్కరు అల్లరు. పనిలో ఉండే అందరూ ఒక్కొక్కటి అల్లుతారు. దానికి ముందు అందరికీ ఒకటే సైజు సూది. అన్నీ ఒకే రోజు, ఒకే చోట తూస్తాం (తేమ సంగతి పైన చెప్పాను కదా). గ్రాములు చూపించే చిన్న కాటా ఒకటి గ్రూపు డబ్బుతో కొన్నాం. సగటు తీసి, వస్తువుల సంఖ్యతో హెచ్చవేసి, పదింట ఒక వంతు కలుపుతాం. ఆ మ్యాట్లకి అలా కట్టి ఉంటే 1,470కి 147 కలిపి 1,617 గ్రాములు, అంటే 17 ఉండలు. మూడు ఉండలు ఎక్కువ కొనుంటే 700 నష్టం ఉండేది కాదు. మొత్తం ఒకే లాటులో ఉందో లేదో కొట్లోనే ప్రతి లేబులూ చూస్తాం. ఒకే లాటులో అంత లేకపోతే, ఉన్న రెండు లాట్లని ఒకే వస్తువులో కలపకుండా, ఆర్డరుని రెండు జతలుగా విడగొడతాం. విప్పని ఉండలు వెనక్కి తీసుకుంటావా అని కొనేముందే అడుగుతాం. తీసుకుంటానన్న కొట్టు రూపాయి ఎక్కువైనా నయం.

గుండ్రటి వస్తువుల దగ్గర ఇంకో చిక్కుంది, ముగ్గు వేసే మనకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నడిమి నుంచి బయటికి వచ్చేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది, దారం ఎక్కువ తింటుంది. పన్నెండు అంగుళాల మ్యాటులో నడిమి నుంచి అంచుకి ఆరు అంగుళాలు. అందులో నాలుగు అంగుళాలు అల్లేసరికి 'మూడింట రెండొంతులు అయిపోయింది' అనిపిస్తుంది. కానీ అప్పటికి వాడింది మొత్తం దారంలో తొమ్మిదింట నాలుగు వంతులే, సగం కూడా కాదు. చివరి రెండు అంగుళాలు సగానికి పైగా తింటాయి. అందుకే దారం చాలదని ఎప్పుడూ ఆఖర్లోనే తెలుస్తుంది. ఇదే లెక్క రెండోవైపు కూడా పనిచేస్తుంది: అదే అల్లికతో ఆరు అంగుళాల మ్యాటు అడిగితే సగం దారం అనుకోకండి, నాలుగో వంతే. 24.5 గ్రాముల మ్యాటుకి ఆరు గ్రాములు చాలు. రేటు చెప్పేటప్పుడు దీన్ని మరిచిపోయి సగం ధర చెబితే కొనేవాళ్లు వేరేచోటికి పోతారు.

దారం రకం మారితే గ్రాములు నమ్మకూడదు. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నం, అదే బరువులో పొడవు ఎక్కువ వస్తుంది. లేబులు మీద గ్రాములతోపాటు మీటర్లు కూడా ఉంటాయి. 100 గ్రాముల ఉండలో 500 మీటర్లు ఉందనుకుంటే, మన 24.5 గ్రాముల మ్యాటుకి 122 మీటర్లు పట్టినట్టు. వేరే కంపెనీ ఉండ కొంటే ఈ మీటర్లు చూసి కొనాలి. సన్నదారం అయితే నమూనా మళ్లీ అల్లాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

ఇవన్నీ ఒక పెద్ద నోటు పుస్తకంలో రాస్తున్నాం. ఒక్కో డిజైనుకి ఒక పేజీ: కొలత, దారం నంబరు, సూది సైజు, అందరి నమూనాల బరువులు, సగటు, కొన్నది, మిగిలింది. కొన్న ఉండల లేబుల్ ఒకటి ఆ పేజీకి అంటిస్తాం, లాటు నంబరు కనిపించేలా. బుక్ కీపర్ దగ్గర ఆర్డరు ఫైలుతో పాటు ఇదీ ఉంటుంది. ఇప్పటికి ఇరవై మూడు పేజీలు నిండాయి. వేరే ఊళ్ల వీవోలు చూసి రాసుకోవాలంటే సమాఖ్య ఆఫీసులో ఒక నకలు పెట్టాం.

మొన్న మా అత్తగారు ట్రంకు పెట్టెలోంచి పాత లేసు పువ్వు ఒకటి తెచ్చి కాటా మీద పెట్టమన్నారు. ఎప్పుడో ఏజెంటు 'సైజు తప్పింది' అని వెనక్కి విసిరేస్తే దాచుకున్నదట. 9 గ్రాములు తూగింది. దానికీ ఒక పేజీ ఇవ్వమన్నారు, ఇచ్చాం. దారం నంబరు, ఖరీదు గళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి.